మడకశిర సీమలో ఆటల చదువు

హిందూపురంలో బస్సెక్కి పడమటి దారి పట్టామంటే, కొంతసేపటికి ఎదురుగా ఒక పెద్ద బోడికొండ కనబడుతుంది. దాని పేరు సింహగిరి. కొండమీద పాతకోట గోడలు ఇప్పటికీ నిలిచి వున్నాయి. ఆ కొండ నీడలోనే మడకశిర పట్టణం వున్నది. పాలెగాండ్లు, మరాఠాలు, మైసూరువారు ఒకరి తరువాత ఒకరు ఈ కోటకోసం కొట్లాడుకున్నారు. ఇప్పుడు మేకలు తప్ప దానిమీద పెత్తనం చేసేవారెవరూ లేరు.

ఈ సీమ భాషలో మడక అంటే నాగలి. కాని నాగలికి ఇక్కడ పని తక్కువ. మడకశిర సముద్రమట్టానికి సుమారు 670 మీటర్ల ఎత్తున వున్నది. పాత అనంతపురం జిల్లా మొత్తంమీద ఏడాదికి సగటున కురిసే వాన 550 మిల్లీమీటర్లే. నైరుతి మేఘాలు పడమటి కనుమలు దాటేసరికి చాలావరకు ఖాళీ అయిపోతాయి. ఈశాన్య మేఘాలు తూర్పు తీరాన్నుంచి ఇంత దూరం వచ్చేసరికి అలిసిపోతాయి. రెండు వైపులనుంచీ చుట్టాలు బయలుదేరి, దారిలోనే భోజనం ముగించి వెనక్కు పోయినట్టన్నమాట! అందుకే ఇక్కడి రైతు చెనిక్కాయ విత్తి ఆకాశంకేసి చూస్తాడు. బోరులో నీళ్ళు పడినవాడు వక్కతోటో మల్బరీ తోటో వేస్తాడు. పడనివాడు బెంగుళూరికి కూలికి పోతాడు.

2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినప్పుడు మడకశిర అందులో చేరింది. పేరుకు ఆంధ్రదేశమే అయినా, మూడు వైపుల కర్నాటక వున్నది. బస్సులో తెలుగులో మొదలైన మాట కన్నడంలో ముగుస్తుంది. ఎవరూ దాన్ని వింతగా అనుకోరు.

మడకశిరకు పడమటగా, అమరాపురం మండలంలో హేమావతి అనే పల్లె వున్నది. వెయ్యేండ్లకు పూర్వం అది నొళంబ పల్లవుల రాజధాని. అప్పుడు దాని పేరు హెంజేరు. అక్కడి సిద్ధేశ్వరాలయంలో శివుడు లింగరూపంలో గాక, మనిషిలాగ కూర్చుని దర్శనమిస్తాడు. నల్లరాతి స్తంభాలమీది చెక్కడం చూస్తే, దాన్ని రాయి అనుకోబుద్ధికాదు. ఆ శిల్పాలు చూడడానికి దూరాన్నుంచి జనం వస్తారు. అయితే ఆ పంచాయతీలోనే వున్న తంబళహట్టి పేరు మొన్నమొన్నటిదాకా పక్క తాలూకావారికి కూడా తెలియదు. హట్టి అంటే కన్నడంలో చిన్నపల్లె.

2025 నవంబరు 23న తంబళహట్టి పేరు దేశమంతటా వినబడింది. ఆ రోజు కొలంబో నగరంలో అంధ మహిళల మొదటి టి-20 ప్రపంచ కప్పు ఆఖరి పోటీ జరిగింది. నేపాలు జట్టు 114 పరుగులు చేసింది. మన జట్టు 7 వికెట్ల తేడాతో గెలిచి, ఒక్క ఆటైనా ఓడకుండా కప్పు తెచ్చుకున్నది. ఆ జట్టు నాయకురాలు టి. సి. దీపిక. తంబళహట్టి పిల్ల. కూలినాలి చేసుకునే రైతు కుటుంబం. పసితనంలో జరిగిన ప్రమాదంవల్ల ఆమె చూపు దెబ్బతిన్నది.

చూపు లేనివారు క్రికెట్టు ఎలా ఆడతారు? మీరు ఈ ప్రశ్న వేస్తారని నాకు తెలుసు.

ఆ బంతి తెల్లని గట్టి ప్లాస్టిక్కుతో చేసినది. దానిలోపల చిన్న చిన్న ఉక్కు గుండ్లు వుంటాయి. దొర్లేటప్పుడు అవి గలగలమని మోగుతాయి. ఆటగాళ్ళు ఆ చప్పుడును బట్టి బంతి జాడ పడతారు. బంతిని భుజంమీదుగా విసరరు. చేతిని కిందినుంచి ఊపి నేలమీద పోనిస్తారు. వేసేముందు బౌలరు "రెడీ?" అని అడగాలి. బ్యాటు పట్టినవారు "యెస్" అనాలి. అప్పుడు "ప్లే" అంటూ బంతి వదలాలి. బంతి తక్కువ ఎత్తున వస్తుంది గనుక, చాలామంది మోకాలు వంచి నేలను ఊడ్చినట్టుగా కొడతారు.

పదకొండు మందీ ఒకలాంటివారు కారు. కనీసం 4గురు బొత్తిగా చూపు లేనివారు వుండాలి. వారిని బి-1 అంటారు. బి-2, బి-3 వారికి కొద్దికొద్దిగా కనబడుతుంది. దీపిక బి-3 తరగతి ఆటగత్తె. బి-1 వారు కొట్టిన ప్రతి పరుగునూ రెండుగా లెక్కిస్తారు. వారు ఒక్కసారి నేలకు తగిలిన బంతిని పట్టుకున్నా అది క్యాచే. ఎంత న్యాయమైన లెక్కో చూడండి! అన్నట్టు, ఈ ఆట పుట్టింది ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో, 1922లో. ఒక కర్మాగారంలో పనిచేసే ఇద్దరు అంధులు రేకుడబ్బాలో రాళ్ళు వేసి, దాన్నే బంతిగా చేసుకుని ఆడారట. మనదేశపు అంధ మహిళల జట్టు 2023 ఆగస్టులో ఇంగ్లండులోని బర్మింగ్‌హాం నగరానికి పోయి, ఆస్ట్రేలియా వారినే ఓడించి బంగారు పతకం తెచ్చింది.

దీపికకు ఈ ఆట నేర్పింది ఎవరు? ఆమె చదివిన ప్రత్యేక పాఠశాలలోని ఉపాధ్యాయులు. ఊళ్ళో వుండివుంటే ఆమె చేతికి ఆ గలగలలాడే బంతి వచ్చేదే కాదు. బడిలో ఎవరో ఒకరు, ఈ పిల్లకు లెక్కలూ సాంఘికశాస్త్రంలాగే ఆటకూడా ఒక పాఠం అనుకున్నారు. ఆ తరువాత ఆమె కర్నాటక జట్టులో ఆడి, అక్కడినుంచి దేశపు జట్టులోకి వచ్చింది.

ఆట పాఠమా కాదా అన్న సంగతి పుస్తకాల్లో చదివేది కాదు. మడకశిర బస్టాండు దగ్గర టీ అంగడిలో ఒక రైతు నన్ను ఇదే అడిగాడు. రెండెకరాల చెనిక్కాయ చేను, అరెకరం మల్బరీ వున్న మనిషి. పక్కన అతని తల్లి, కూతురు వున్నారు. కూతురు ఆ యేడు నాలుగో తరగతికి రాబోతున్నది.

"అయ్యవారూ, మా పాప బాగా పరిగెత్తుతాది. వాళ్ళ డ్రిల్లు సారు కడప ఆటల బడికి పంపమంటాడు. ఆట కూడు పెడతాదా సార్?" అన్నాడు.

"ఆడపిల్లను అంత దూరం యాడికి పంపిస్తావురా? సదువు పాయె, పిల్ల పాయె!" అన్నది ముసలమ్మ.

పిల్ల ఏమీ అనలేదు. బన్ను తింటూ బస్సుల టైర్లు లెక్కపెడుతున్నది.

వారి భయం ఉత్తది కాదు. కడప ఈ ఊరికి దగ్గర కాదు. కదిరి, పులివెందుల దాటి పోవాలి. తొమ్మిదేండ్ల పిల్లను హాస్టలులో వదలి రావడం తల్లిదండ్రులకు సులభమా? రేపు కాలు విరిగితే? పరుగు మందగిస్తే? అప్పుడు పిల్ల అటు ఆటకూ ఇటు చదువుకూ కాకుండా పోతుందేమో! అందుచేత నేను "పంపు" అనీ అనలేదు, "పంపకు" అనీ అనలేదు. ఆటల బడి అంటే ఏమిటో చెప్పాను. అదే మీకూ చెబుతాను.

కడప దగ్గర పుట్లంపల్లిలో డాక్టర్ వై.యస్.ఆర్. క్రీడాపాఠశాల వున్నది. హైదరాబాదు దగ్గర హకీంపేటలో ఇలాంటిదే మరొకటి. వీటిలో పిల్లల్ని నాలుగో తరగతిలో చేర్చుకుంటారు. "నీకు ఏ ఆట వచ్చు?" అని అడగరు. కొలతలు తీస్తారు. హకీంపేట బడిలో ఎత్తు, బరువు చూశాక, 30 మీటర్ల పరుగు పెట్టిస్తారు. నిలబడినచోటనుంచి ముందుకు దూకించి ఎంత దూరమో చూస్తారు. నిలబడి పైకి ఎగరమంటారు. 10 మీటర్ల దూరాన్ని ఆరుసార్లు అటూ ఇటూ పరుగెత్తిస్తారు. బరువు బంతి విసిరిస్తారు. వంగి వేళ్ళు ఎంత కిందికి అందుతాయో కొలుస్తారు. చివరికి 800 మీటర్లు పరుగెత్తాలి. వీటికి ఖర్చు లేదు. సుద్దముక్క, కొలత టేపు, గడియారం వుంటే మీ బడిలోనే చేసి చూసుకోవచ్చు.

చేరినవారు హాస్టలులో వుంటారు. తెల్లవారుజామున ఆటలు, తరువాత అందరు పిల్లల్లాగే తరగతి చదువు, సాయంకాలం మళ్ళీ ఆటలు. అంటే చదువు మానిపించరు. ఈ మాట వినగానే ముసలమ్మ ముఖం కొంచెం విప్పారింది.

ఇక అనంతపురంలో మరొకటి వెలసింది. స్పెయిను దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఈ కరువు జిల్లాకు వచ్చి, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు అనే సంస్థను నడిపాడు. 2009లో చనిపోయేదాకా ఇక్కడే వున్నాడు. ఆ సంస్థ అనంతపురంలో ఒక క్రీడాగ్రామాన్నే కట్టింది. చుట్టూ ఎర్రమన్ను, మధ్యన పచ్చని క్రికెట్టు మైదానం! ప్రసిద్ధ టెన్నిసు ఆటగాడు రాఫెల్ నాదల్ పేరిట వున్న సంస్థ 2010లో అక్కడ టెన్నిసు బడి తెరిచింది. టెన్నిసు రాకెట్టును బొమ్మల్లోకూడా చూడని పల్లెపిల్లలు అక్కడ బంతి కొట్టడంతోపాటు ఇంగ్లీషూ కంప్యూటరూ నేర్చుకున్నారు.

నార్పల మండలంలోని బండ్లపల్లి సంగతి వినండి. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని దేశంలో మొట్టమొదట ప్రారంభించిన ఊరు అది. కరువుకు అంత పేరుపడిన ఊరన్నమాట. ఆ ఊరి కూలివారి ఇంటిపిల్ల బారెడ్డి అనూష అనంతపురం క్రీడాగ్రామంలో ఎడమచేతి స్పిన్ బౌలింగు నేర్చుకుని, 2023 జూలై 9న బంగ్లాదేశ్ మీద భారత జట్టులో ఆడింది.

"అట్లయితే ఆడిన పిల్లలంతా అనూషలవుతారా?" అని మీరు అడగవచ్చు. కారు. ఈ సంగతి దాచిపెట్టే ఆటల బడిని నమ్మవద్దు. వందమంది చేరితే, దేశం జట్టుకు ఒక్కరు చేరడంకూడా గొప్పే. మరి మిగిలినవారి గతి?

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ఆటల చదువంటే పొద్దస్తమానం ఆడడమే అనుకుంటారు. నిజానికి ఆటగాడు నేర్చుకోవలసినది తన శరీరాన్ని గురించి. పొద్దున లేవగానే మణికట్టుమీద వేళ్ళుంచి, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటున్నదో లెక్కపెట్టండి. మామూలు పెద్దమనిషికి 70 చుట్టుపక్కల వుంటుంది. ఏళ్ళతరబడి దూరపు పరుగులు చేసినవారికి 50కి కూడా దిగుతుంది. ఎందుచేత? వారి గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ నెత్తురు తోడుతుంది. పెద్ద చేదతో నీళ్ళు తోడితే తక్కువసార్లలో తొట్టి నిండదూ? అలాగే.

కండలు ఆడుతున్నప్పుడు పెరగవు. ఆడినప్పుడు అలిసి, విశ్రాంతిలోనూ నిద్రలోనూ బాగుపడి గట్టిపడతాయి. మీ ఈడు పిల్లలకు రోజుకు 9 గంటలైనా నిద్ర కావాలి. రాత్రి పదకొండు దాకా ఫోను చూసి, అయిదింటికి లేచి పరుగెత్తేవాడు కండను పెంచడంలేదు, అరగదీస్తున్నాడు.

ఇంకొకటి. పిల్లల పొడుగు ఎముకల చివర్లలో మెత్తని పొర వుంటుంది. ఎముక పొడుగు పెరిగేది అక్కడే. పెద్దవారయ్యాక అది గట్టిపడిపోతుంది. చిన్నతనంలో ఒకే ఆట, ఒకే కదలిక, రోజుకు గంటలతరబడి చేయిస్తే ఆ పొర దెబ్బతినే ప్రమాదం వున్నది. పదేండ్ల పిల్లవాడిచేత రోజూ వందలకొద్దీ ఫాస్టు బంతులు వేయించే తండ్రులు ఈ ముక్క తెలుసుకోవాలి. చిన్నప్పుడు నాలుగు రకాల ఆటలు ఆడడమే మేలు. 2025 నవంబరు 2న మన మహిళలు ప్రపంచ కప్పు గెలిచారు గదా. ఆ జట్టులో 14 వికెట్లు తీసిన శ్రీచరణి కడపజిల్లా ఎర్రమల్లె పల్లెపిల్ల. ఆమె క్రికెట్టుకు రాకముందు బ్యాడ్మింటనూ, కబడ్డీ, పరుగులూ ఆడినదే. అదే నవంబరులో మూడు వారాల తేడాతో కడపజిల్లా పిల్ల ఒక ప్రపంచ కప్పూ, మడకశిర సీమ పిల్ల మరొక ప్రపంచ కప్పూ పట్టుకున్నారు!

తిండిమాట వస్తే మన సీమ బీదది కాదు. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం వుంటుంది. తెల్లబియ్యంలో అది పది చుట్టుపక్కలే. 100 గ్రాముల చెనిక్కాయ పప్పులో 25 గ్రాముల దాకా మాంసకృత్తులున్నాయి. రాగిసంకటీ, చెనిక్కాయల ఊరుబిండీ తిన్న పిల్లలు డబ్బాల పొడులకోసం ఏడవనక్కర లేదు.

ఇలాంటివన్నీ చదివినవారు ఆటగాళ్ళు కాకపోయినా, వ్యాయామోపాధ్యాయులవుతారు, శిక్షకులవుతారు, దెబ్బలు మాన్పే ఫిజియోథెరపీ వైపు పోతారు, అంపైర్లవుతారు. మద్రాసులో 1920లోనే హారీ క్రో బక్ అనే అమెరికా దేశస్థుడు వై.యం.సి.ఏ. వ్యాయామ కళాశాల స్థాపించాడు. వ్యాయామోపాధ్యాయులను తయారుచేయడానికి 1957లో గ్వాలియరులో ఒక కళాశాలా, శిక్షకులను తయారుచేయడానికి 1961లో పాటియాలాలో జాతీయ క్రీడాసంస్థా వచ్చాయి. మణిపూరులో జాతీయ క్రీడావిశ్వవిద్యాలయం 2018 చట్టంతో ఏర్పడింది. మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట బిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్సులో 240 కిలోలు ఎత్తి కంచు పతకం గెలిచింది. ఒలింపిక్సులో పతకం పొందిన మొదటి భారత మహిళ ఆమె. 2021లో ఢిల్లీ క్రీడావిశ్వవిద్యాలయానికి ఆమెనే మొదటి వైస్‌ఛాన్సలరుగా నియమించారు. బరువు లెత్తిన చేతులకు విశ్వవిద్యాలయాన్ని అప్పజెప్పారన్నమాట! మన బళ్ళలో మాత్రం పరీక్షల నెల రాగానే డ్రిల్లు పీరియడును లెక్కల మాస్టారు పట్టుకుపోతూనే వున్నాడు.

ఇంత విన్నాక ఆ రైతు, "మరి కాలు ఇరిగితే సార్?" అని మళ్ళీ మొదటికే వచ్చాడు.

"పదో తరగతి సర్టిఫికెట్టుకు కాలు విరగదు గదయ్యా. అందుకే బడిలో చదువు ఎట్లా చెబుతారో నువ్వు స్వయంగా పోయి చూడు. ఆడపిల్లల హాస్టలు ఎక్కడున్నదో, రాత్రి ఎవరుంటారో అడుగు. అడిగితే విసుక్కున్నారంటే వెనక్కు వచ్చేయి" అన్నాను.

ముసలమ్మ మనుమరాలివైపు తిరిగి, "పోతావంటే నువ్వు?" అన్నది.

"అవ్వా, ఆడ రోజూ షూలు ఏసుకోనిస్తారా?" అన్నది పిల్ల.

అంతలో వాళ్ళ ఊరి బస్సు వచ్చింది. తండ్రి "ఎండాకాలం సెలవుల్లో ఒకసారి పోయి చూసి వస్తాం" అంటూ ఎక్కాడు. అంతకుమించి అతనుమాత్రం ఏం చెప్పగలడు?

దీపిక సంగతి ఒకటి మిగిలిపోయింది. కప్పు గెలిచి వచ్చిన జట్టును 2025 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ పిలిచి గౌరవించాడు. ఆటగత్తెలకు తలా 5 లక్షల రూపాయలిచ్చాడు. అప్పుడు దీపిక తన ఊరికి సరైన రోడ్డు లేదనీ, వేయించమనీ అడిగింది. కొద్ది గంటలలోనే హేమావతినుంచి తంబళహట్టికి ఒక రోడ్డూ, గుండుమలనుంచి తంబళహట్టికి ఇంకొక రోడ్డూ మంజూరయినాయి. రెంటికీ కలిపి 6 కోట్ల రూపాయలకు పైమాటే.

మీరెప్పుడైనా హేమావతి శిల్పాలు చూడబోతే, సిద్ధేశ్వరుని గుడి దగ్గర ఎవరినైనా అడగండి. తంబళహట్టి దారి చూపిస్తారు.